పడుకోబెట్టిన పైరు

ఆమె నీళ్ళు వడకడుతోంది. పాత నూలు గుడ్డను నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి, చెంబుతో మెల్లగా పోస్తోంది. తుఫాను వెళ్ళిపోయి పదహారు రోజులైనా పంపులో నీళ్ళు ఇంకా టీ రంగులోనే వస్తున్నాయి. రెండు చెంబులు పోసేసరికి గుడ్డ మీద సన్నటి ఒండ్రు పేరుకుంటుంది. గుడ్డ విప్పి, జాడించి, మళ్ళీ కట్టాలి. తొందరపడితే కుదరదు. ఆ ఇంట్లో తొందరపడితే కుదరని పనులన్నీ ఆమె వంతుకే వస్తాయి.

"వస్తున్నారంట!" అని గోడ అవతల నుంచి కేక వినపడింది.

పక్కింటి రేడియో గొంతు అది. ఆయన అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు మళ్ళీ మూసేదాకా మాట్లాడుతూనే ఉంటాడని ఊరంతా రేడియో అంటారు. ఆయనా ఆ పేరుకే పలుకుతాడు.

"ఎవరన్నయ్యా?"

"ఎవరేంటి చెల్లెమ్మా, పంట నష్టం రాసుకునేవాళ్ళు! కాలవ అవతలి చేలు అయిపోయాయంట. మధ్యాహ్నానికి మన వైపు. బావకి చెప్పు, మామకి చెప్పు. ఎవరూ గడ్డం గీసుకోవద్దని చెప్పు. ఫోటో తీస్తారంట. ఎంత దీనంగా ఉంటే అంత మంచిది."

వసారాలో కూర్చుని తాడు పేనుతున్న ముసలాయన, ఆమె భర్త తండ్రి, తలెత్తకుండానే అన్నాడు: "నీ మొహానికి గడ్డంతో పనేముందిరా. ఎప్పుడు చూసినా దీనంగానే ఉంటుంది."

గోడ అవతల రేడియో పకపకా నవ్వాడు. లోపలి గదిలో ఆమె భర్త కూడా నవ్వాడు. ఆ నవ్వు సగంలో దగ్గుగా మారింది. చెంబు పట్టుకున్న ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. దగ్గు తగ్గేదాకా ఆమె నీళ్ళు పొయ్యలేదు.

రెండేళ్ళ కిందట పంట సరిగా రాక అతను కొండ రాయి కొట్టే క్వారీకి వెళ్ళి ఎనిమిది నెలలు పనిచేశాడు. రాయితో పాటు ఆ దుమ్మునీ మోసుకొచ్చాడు. పెద్దాసుపత్రి డాక్టరు ఛాతీ ఫోటో వెలుతురుకి పట్టి చూసి, "ఇంకోసారి ఆ దుమ్ములోకి పంపితే మాత్రం మళ్ళీ నా దగ్గరికి తీసుకురావద్దమ్మా. నేను చేసేదేమీ ఉండదు," అని ఆమెకే చెప్పాడు. ఆ మాటని ఆమె భర్తకి చెప్పింది, మామకి చెప్పింది. ముగ్గురూ ఆ తర్వాత దాని గురించి మాట్లాడుకోలేదు. తుఫాను వచ్చి పోయిన వారానికి క్వారీ మేస్త్రి ఫోన్ చేశాడు. ఆదివారం తెల్లవారకముందే రోడ్డు మీదికి బండి వస్తుందనీ, ఊళ్ళో నలుగురు ఇప్పటికే ఒప్పుకున్నారనీ చెప్పాడు. ప్రభుత్వం రాసుకునే నష్టపరిహారం జాబితాలో పేరెక్కితే రెండో పంటకి విత్తనం వస్తుంది, ఇంట్లోకి గింజలొస్తాయి, అతను ఇంటి దగ్గరే ఉంటాడు. ఎక్కకపోతే బండెక్కుతాడు. ఆ రోజు శుక్రవారం.

వాళ్ళకున్నది రెండెకరాలు. కంకి వేసి పాలు పోసుకుంటున్న వరి మీద తుఫాను మూడు రోజులు కొట్టింది. నాలుగో రోజు వెళ్ళి చూస్తే పైరంతా నీళ్ళలో బోర్లా పడి ఉంది. ఊళ్ళో అందరి చేలూ అంతే. చాలామంది గట్టు మీదే నిలబడి చూసి, నెత్తిన చేతులు పెట్టుకుని వెనక్కి వచ్చేశారు. ముసలాయన గట్టు మీద ఎక్కువసేపు నిలబడలేదు. మోకాళ్ళ పైకి బట్ట ఎగ్గట్టి దిగిపోయాడు.

"ఇవాళ లేపితే బతుకుతుంది. రేపటికి కంకి కుళ్ళడం మొదలెడుతుంది," అన్నాడు.

పడిన వరిని లేపడం ఓపిక పని. నాలుగు దుబ్బుల్ని దగ్గరికి తీసి, బురద కడిగి, కంకుల కింది ఆకుల్ని జడలా మెలేసి ముడి వెయ్యాలి. అప్పుడు ఒకదానికొకటి ఊతమై నిలబడతాయి. ముగ్గురూ నడుములు విరిగేలా ఆరు రోజులు లేపారు. ఆమె వేసిన ముళ్ళు కొన్ని వదులు, కొన్ని బిగువు. భర్తవి దగ్గు వచ్చిన చోటల్లా ఆగి ఆగి వేసినవి. ముసలాయనవి మాత్రం తాడు పట్టి కట్టినట్టు ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉన్నాయి. గట్టు మీద పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.

పక్క చేను రేడియోది. ఆయన ఆ వారమంతా నడుం నొప్పని మంచం దిగలేదు. "నేను పడుకున్నా, నా పైరూ పడుకుంది. ఇద్దరిలో ఎవరు ముందు లేస్తారో చూడాలి," అన్నాడు, చూడొచ్చిన వాళ్ళతో.

పైరు లేచింది కానీ గింజ లేవలేదు. పదో రోజున ఆమె ఒక కంకి తెంపి గోటితో నొక్కి చూసింది. మూడు గింజల్లో రెండు ఉత్త పొట్టు. ఇంకో కంకి చూసింది, అదీ అంతే. పాలు పోసుకునే వేళ తడిసి ముద్దయిన పంట అది. మామకి చూపిద్దామని తిరిగితే, ఆయన అప్పటికే ఒక కంకి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి దాన్ని గుప్పిట్లో దాచాడు.

మధ్యాహ్నం రెండింటికి సర్వే అమ్మాయి వచ్చింది. కాలేజీ నుంచి నేరుగా ఉద్యోగంలోకి వచ్చినట్టుంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడలో వేలాడే కార్డు, చేతిలో పలకంత ఫోను. ముందు రేడియో చేను చూసింది. అక్కడ పైరు సుళ్ళు సుళ్ళుగా, చిక్కుపడిన జుట్టులా నేలకి అతుక్కుని కుళ్ళిపోయి ఉంది. ముక్కు మూసుకుని ఫోటో తీసి, రెండు మూడు నొక్కులు నొక్కి, "అయిపోయిందండీ," అంది.

"అంతేనా? ఏడుపు మొహం కూడా పెట్టానమ్మా. అది పడిందా లేదా ఫోటోలో?" అని అడిగాడు రేడియో.

తర్వాత వీళ్ళ గట్టు మీదికి వచ్చి ఆగిపోయింది. చేను నిటారుగా నిలబడి ఉంది.

"తాతా, తుఫాను ఈ పొలం మీదుగా వెళ్ళలేదా?"

ముసలాయన మొహం విప్పారింది. "వెళ్ళకేం తల్లీ. ఒక్క దుబ్బు మిగల్చలేదు. మొత్తం మేమే లేపాం, ముగ్గురం. ఇదిగో, ఇటు చూడు," అని వంగి ఒక ముడి చూపించాడు. "ఇది ఊడదు. లాగి చూడు."

ఆ అమ్మాయి లాగి చూసింది. ఊడలేదు. నవ్వబోయి, ఫోను చూసుకుని నవ్వు ఆపేసింది.

"తాతా, ఇక్కడొక గడి ఉంది. నేలకొరిగిన పైరు ఎంత భాగం అని. మూడో వంతుకి మించితేనే పేరు జాబితాలోకి వెళ్తుంది. ఇక్కడ... నేనేం రాయాలి? సున్నా కదా."

"గింజ చూడమ్మా," అంటూ ఆమె నాలుగు కంకులు దూసి తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పోసింది. "నొక్కి చూడు. అంతా తాలే."

"నాకు తెలుస్తోందక్కా. కానీ ఫారంలో గింజకి గడి లేదు." ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "నేను దీన్ని ఇవాళ పంపను. సిగ్నల్ అందలేదని రాసుకుంటా. రేపు పదకొండింటికి పెద్ద సారు తనిఖీకి వస్తున్నారు, నేనూ ఆయనతో వస్తా. అప్పుడు చేను ఎలా ఉంటే అలా రాస్తా. కాగితాలు మాత్రం రేపు సాయంత్రంలోగా ఆఫీసులో ఇచ్చెయ్యండి." ఆపైన ఎవరి మొహం చూడకుండా బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ముగ్గురూ అలాగే నిలబడ్డారు. రేడియో ఉండబట్టలేకపోయాడు. "ఇంకా అర్థం కాలేదా బావా? విప్పెయ్యమని చెప్తోంది పిల్ల. విప్పి, ఎలా ఉన్నదాన్ని అలా పడెయ్యండి."

"నోర్ముయ్," అన్నాడు ముసలాయన.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ దీపం వెయ్యడానికి తొందరపడలేదు. మసక వెలుతురులో ముసలాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కొడుకు కాగితాలు ఒక కవర్లో సర్దుతున్నాడు: పొలం పత్రం నకలు, బ్యాంకు పుస్తకం నకలు, రెండు ఫోటోలు.

ఆమె అంది: "విప్పేద్దాం మామయ్యా."

"ఈ వయసులో పైరుని నా చేత్తో పడగొట్టమంటావా అమ్మాయ్? అరవై ఏళ్ళుగా లేపుతున్నా."

"తాలే కదా. మీకూ తెలుసు."

"మూడో గింజ ఉంది కదా. అదీ గింజేగా," అన్నాడు ఆయన.

"నాన్నని బలవంతపెట్టకు," అన్నాడు భర్త. "ఆరు నెలలేగా. ఈసారి మూతికి గుడ్డ కట్టుకుంటా. మేస్త్రి కూడా లోపల పని కాదు, లెక్క చూసే పని ఇప్పిస్తానన్నాడు."

మేస్త్రి పోయినసారీ అదే చెప్పాడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఆమె లేచి దీపం వేసింది.

శనివారం పొద్దున్నే భర్త మొదటి బస్సుకి ఆఫీసుకి వెళ్ళాడు. అతను రోడ్డు మలుపు తిరగగానే ఆమె చేలోకి దిగింది. ముందు తన ముళ్ళు విప్పింది. ఒక్క లాగుకి ఊడాయి. తర్వాత భర్తవి. మామ ముళ్ళ దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు నొప్పి పుట్టాయి, పళ్ళతో కొరకాల్సొచ్చింది. అయితే ముడి విప్పినా పైరు పడలేదు. ఇన్నాళ్ళూ నిలబడి నిలబడి దానికి అదే అలవాటైపోయింది. చేత్తో నెడితే వంగుతోంది, వదలగానే పైకి లేస్తోంది. ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. కాలితో తొక్కబోయింది. కాలు రాలేదు. బురదలో అలాగే నిలబడిపోయింది.

"అలా తొక్కకు."

ముసలాయన గట్టు మీద ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆమె తలొంచుకుంది. తిడతాడనుకుంది.

"మీరు వెళ్ళండి మామయ్యా. మీరు చూడొద్దు."

"వాడు నిన్న సాయంత్రం ఎన్నిసార్లు దగ్గాడో తెలుసా?"

"తెలుసు."

"నేనూ లెక్కపెట్టాను," అన్నాడు ఆయన. మోకాళ్ళ పైకి బట్ట ఎగ్గట్టి దిగాడు. "గాలి ఏ వైపు నుంచి వచ్చింది ఆ రోజు? పడమర నుంచి. కంకి తూర్పుకి పడాలి. దుబ్బు మొదట్లో ఇలా ఎడం చెయ్యి పెట్టు. కుడి చేత్తో పైన పట్టి మెల్లగా వంచు. కణుపు దగ్గర చిటుక్కుమంటుంది. అప్పుడు వదిలెయ్. ఇక లేవదు."

ఆయన వంచాడు. చిటుక్కుమంది. పైరు తూర్పుకి తల పెట్టి పడుకుంది. ఆయన ఒక్క క్షణం దాని మీద చెయ్యి అలాగే ఉంచి, తర్వాతి దుబ్బు దగ్గరికి జరిగాడు.

అలా ఇద్దరూ గట్టు వైపు నుంచి పని మొదలుపెట్టారు. కాసేపటికి రేడియో వచ్చాడు. విషయం చూసి, మొదటిసారి ఏమీ మాట్లాడకుండా చేలోకి దిగి, మూలన రెండు చేతులతో, కాళ్ళతో అడ్డదిడ్డంగా తోసుకుంటూ పోయాడు. గేదె పొర్లినట్టయింది ఆ మూల.

"ఒరేయ్, ఒరేయ్! ఏంటిరా ఆ పని!" ముసలాయన అరిచాడు. "పైకెక్కు. నీ చెయ్యి పడితే ఎక్కడైనా అంతే."

"మామా, పడగొట్టడానికి కూడా పనితనం కావాలా? ఎలా పడితే ఏంటి?"

"ఎక్కమన్నానా!"

రేడియో గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటూ, "సాయం చేసినా తిట్లే. నా జాతకం," అని గొణుక్కుంటూ పోయాడు. ముసలాయన మళ్ళీ వంగాడు. పదిన్నరకల్లా చేలో సగానికి పైగా నేలకి ఒరిగింది. ఇద్దరూ గట్టు మీద కూలబడ్డారు. ఆయన అరచేతులు ఆకు కోతలతో ఎర్రగా ఉన్నాయి. వాటిని ఒళ్ళో బోర్లించి పెట్టుకున్నాడు.

పెద్ద సారు జీపులో వచ్చాడు. తల నెరిసిన మనిషి, కళ్ళజోడు, చేతిలో గొడుగు. వెనకే సర్వే అమ్మాయి. ఆ అమ్మాయి చేను చూడగానే ఊపిరి పీల్చుకుంది. "ఇదే సార్, నిన్న సిగ్నల్ అందని పొలం. సగానికి పైగా పడిపోయింది," అంటూ ఫోను తీసింది.

పెద్ద సారు గట్టు పొడవునా నడిచాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. వంగి చూశాడు. పడిన పైరంతా తూర్పుకి తల పెట్టుకుని, ఒక వరస మీద మరో వరస ఆనించినట్టు, ఒక్క కంకి కూడా మరో కంకి మీద అడ్డంగా లేకుండా పడుకుని ఉంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"గాలి దువ్వెన పెట్టి దువ్వదమ్మా," అన్నాడు, ఆ అమ్మాయితో. తర్వాత మూలకి చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ మూల ఒక్కటే తుఫాను కొట్టినట్టుంది."

సర్వే అమ్మాయి ఫోను కిందికి దించింది.

"ఎవరు చేశారు?"

"నేనే సార్," అందామె.

పెద్ద సారు ఆమెను చూడలేదు. ముసలాయన చేతులకేసి చూశాడు. "మాదీ వ్యవసాయమే. మా నాన్న కూడా ఇలాగే వరస తప్పేవాడు కాదు." "పెద్దాయనా, ఇంత బాగా ఎందుకు చేశారండీ?"

ముసలాయన అరచేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సార్, గింజంతా తాలే సార్," అని సర్వే అమ్మాయి సన్నగా అంది. "నిన్న నేను చూశాను."

"నువ్వు చూశావు. నేనూ చూస్తున్నా. కానీ ఈ ఫోటో పైకి వెళ్తుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకి ఇది ఒక్క చూపుకి తెలిసిపోతుంది. పోయినేడు ఇలాంటిదే ఒకటి వదిలేస్తే నా కింద ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. నీది ఇంకా పర్మినెంటు కూడా కాలేదు." ఆయన గొడుగు మడిచాడు. "సొంతంగా చేసిన నష్టం అని రాయి."

అమ్మాయి వేలు ఫోను మీద చాలాసేపు ఆగింది. తర్వాత నొక్కింది.

జీపు వెళ్ళిపోయాక ఆమె చేలోకి దిగి ఒక దుబ్బుని లేపి చూసింది. అది కణుపు దగ్గర మడత పడి, చేతిలోనే వేలాడింది. నాలుగింటిని దగ్గరికి తీసి కట్టబోయింది.

"వద్దమ్మాయ్," అన్నాడు ముసలాయన గట్టు మీద నుంచి. "విరిచినవి ఇక నిలబడవు. నేనే కదా చెప్పాను."

నిలబడి ఉన్న ఆ కాస్త చేలోని మూడో గింజ మాత్రమే మిగిలింది వాళ్ళకి.

సాయంత్రం భర్త వచ్చాడు. ఎప్పుడూ లేనిది గుమ్మంలోంచే మాట్లాడుతూ వచ్చాడు. "కాగితాలన్నీ తీసుకున్నారు! ఒక్కటి కూడా తిప్పి పంపలేదు. ఇదిగో రసీదు, ముద్ర కూడా వేశారు. బస్సులోంచి చూశా, చేను పడుకోబెట్టారుగా?" తండ్రి వైపు చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉంది, క్షమాపణ ఉంది. "రాసుకున్నారా?"

ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "లేదు. చేత్తో పడగొట్టారని తెలిసిపోయింది. పేరు రాయలేదు." ఆపకుండా అదే ఊపులో చెప్పింది: "నేనే చేశా. మామయ్య వద్దంటూనే ఉన్నారు."

అతను రసీదుని నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు. బస్సు కిటికీలోంచి చూసిన చేను అతని కళ్ళముందు మరోసారి కదిలినట్టుంది.

"నీకు అంత వరస రాదులే," అన్నాడు.

నవ్వబోయాడు. దగ్గొచ్చింది. గోడ పట్టుకుని వంగి చాలాసేపు దగ్గాడు. ముసలాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దగ్గు వినపడుతున్నంతసేపూ ఆయన వీపు కదల్లేదు. ఊపిరి తీస్తున్నాడో లేదో అని ఆమె ఒకసారి దగ్గరికెళ్ళి చూసింది. తీస్తున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆ తర్వాత రేడియో వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయి, ముగ్గురి మొహాలూ చూసి, "నేను... మళ్ళీ వస్తాలే చెల్లెమ్మా," అని వెళ్ళిపోయాడు. గోడ అవతల కూడా ఆయన గొంతు వినపడలేదు.

ఆదివారం ఇంకా చీకటి విడవకముందే ఆమె లేచేసరికి అతను సంచి సర్దుకుంటున్నాడు. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, దుప్పటి. మందుల చీటీని సంచిలో పెట్టి, మళ్ళీ తీసి అలమారులోనే ఉంచాడు. ఆమె దాన్ని తీసుకెళ్ళి సంచిలో అడుగున పెట్టింది. అతను వద్దనలేదు.

రోడ్డు మీద బండి హారను మోగింది. ఒకసారి, కాసేపాగి ఇంకోసారి.

అతను సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాడు. ముసలాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళూ ద్వారానికి అడ్డంగా చాపి, అరచేతులు తొడల మీద బోర్లించి, ఎదుటి గోడ కేసి చూస్తున్నాడు. కొడుకు నిలబడ్డాడు. తండ్రి తలెత్తలేదు. హారను మూడోసారి మోగింది, ఈసారి ఆగకుండా.

ముసలాయన ఒక కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత రెండోది.

అతను గడప దాటి, మెట్టు దిగి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.